రేసు ట్రాక్ నేర్పిన ప్రాణరక్షణ

కారు రేసంటే ప్రాణాలతో చెలగాటమే అనుకుంటాం. ఒకప్పుడు అది నిజమే. 1955 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లెమాన్స్‌లో ఓ కారు జనంలోకి దూసుకెళ్లి 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. అయినా రేసు ఆగలేదు. మనకు దగ్గర్లో, చెన్నై నుంచి నెల్లూరు వచ్చే దారిలోని షోలవరంలో దశాబ్దాల పాటు రేసులు జరిగింది రెండో ప్రపంచయుద్ధ కాలపు రన్‌వే మీదే.

ఇప్పుడు కార్ల వేగం తగ్గలేదు, మరణాలు మాత్రం బాగా తగ్గాయి. ఎందుకంటే ప్రమాదం ఎప్పుడైనా జరగొచ్చని ఒప్పుకొని, జరిగినా మనిషి బతికేలా ఏర్పాట్లు చేసుకున్నారు. హైదరాబాద్-కర్నూలు-బెంగళూరు, కర్నూలు-నంద్యాల-కడప దారుల్లో తిరిగే మన కుటుంబాలకూ ఈ ముందుచూపే కావాలి.

బెల్టు ఎందుకు?

కారు అంటుకుంటే లోపల చిక్కుకుపోతామని, దానికన్నా బయటపడటమే మేలని పాతతరం రేసర్లు చాలామంది బెల్టు పెట్టుకునేవారు కాదు. అది అపోహ. కారు ఆగినా మన ఒంటి వేగం ఆగదు. బెల్టు ఆ దెబ్బను భుజం, ఛాతీ, తుంటి ఎముకలకు పంచుతుంది. లేకపోతే తల, మెడ దెబ్బతింటాయి. వెనక సీట్లో కూర్చున్నవాళ్లూ పెట్టుకోవాలి. గర్భిణులు కింది పట్టీని పొట్ట మీద కాకుండా, పొట్ట కింద తుంటి మీదుగా ఉంచుకోవాలి. చంటిబిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. కారు గుద్దుకున్న క్షణంలో ఎంత బలమైన చేతులైనా పట్టు వదిలేస్తాయి. పిల్లల సీటు వాడాలి.

హెల్మెట్ ఎలా?

పైపెంకు కింద ఉండే థర్మోకోల్ లాంటి పొర తాను నలిగి, మెదడుకు తగిలే దెబ్బను తగ్గిస్తుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్‌ పైకి బాగున్నట్టే కనిపించినా మార్చేయాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే కింద పడేలోపే అది ఊడిపోతుంది. మన ఎండలకు చెమట పడుతుందని హెల్మెట్‌ను ట్యాంకు మీద పెడితే ప్రయోజనం లేదు. లోపల పలుచటి నూలు గుడ్డ కట్టుకోండి. చట్టప్రకారం నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ ఉండాలి.

మంటలు వస్తే...

1976లో జర్మనీలో నిక్కీ లాడా కారు తగలబడితే, ఆయన్ను బయటికి లాగింది తోటి రేసర్లే. 2020లో బహ్రెయిన్‌లో రొమేన్ గ్రోజాన్ మంటల్లోంచి తనంతట తానే బయటికొచ్చాడు. నిప్పుకు తట్టుకునే దుస్తులు, తలను కాపాడే చట్రం ఆయన్ను బతికించాయి. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు అంటుకుని 19 మంది ప్రయాణికులు మరణించారు. అద్దాలు పగలగొట్టుకుని బయటపడ్డవారూ ఉన్నారు. రాత్రి బస్సెక్కగానే అత్యవసర ద్వారం, అద్దాలు పగలగొట్టే సుత్తి ఎక్కడున్నాయో చూసుకోండి. పిల్లలకూ చూపించండి.

తొలి నిమిషాలు

1978లో ఇటలీలో గాయపడిన రోనీ పీటర్సన్ దగ్గరికి అంబులెన్స్ ఆలస్యంగా చేరింది. మర్నాడు ఆయన మరణించాడు. ఆ తర్వాత తొలి ల్యాపులో రేసుకార్ల వెనకే డాక్టరు కారు వెళ్లే ఏర్పాటు చేశారు. మనకు ఆ కారు 108.

* ముందు 108కి ఫోన్ చేయండి.
* మంట, వాహనాల ముప్పు లేకపోతే గాయపడినవారిని కదపొద్దు, కూర్చోబెట్టొద్దు. మెడ విరిగి ఉండొచ్చు.
* రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి.
* నీళ్లు తాగించొద్దు.
* ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ తీయొద్దు.

ఆదుకున్నవారిని కేసుల పేరుతో వేధించకుండా 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పిస్తోంది. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు.

తలకు దెబ్బ తగిలాక మాటిమాటికీ వాంతులు, విపరీతమైన మత్తు, మాట తడబాటు, పెరిగే తలనొప్పి ఉంటే మర్నాడు చూద్దామనుకోవద్దు. అప్పటికప్పుడే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.