గ్లాసు పాడింది.. మోజార్ట్ రాశాడు

ఫైనలియర్‌లో నా మూడో క్యాంపస్ ఇంటర్వ్యూ అది. కోడింగ్ ప్రశ్నలు బాగానే అయ్యాయి. ప్యానెల్‌లో చివర కూర్చున్న పెద్దాయన ‘రెజొనెన్స్ అంటే ఏంటి?’ అనడిగారు. గడగడా డెఫినిషన్ అప్పజెప్పేశాను. ఆయన టేబుల్ మీదున్న నీళ్ల గ్లాసును నావైపు జరిపి, ‘దీంతో చూపించు’ అన్నారు. అంతే, నోట మాట రాలేదు. గ్లాసు నన్ను, నేను గ్లాసును చూసుకుంటూ ఉండిపోయాం. ఆ ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు కదా!

జవాబు దొరకడానికి మూడేళ్లు పట్టింది. ఒక రాత్రి ఆఫీసు పని చేసుకుంటూ హెడ్‌ఫోన్స్‌లో ఏదో వింటున్నా. ప్లేలిస్టు తనంతట తానే ఇంకో ట్రాక్‌కి వెళ్లింది. ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియని ఒక శబ్దం. సింథసైజర్ అనుకున్నా. తీరా చూస్తే 1791లో మోజార్ట్ రాసిన సంగీతం! వాయిద్యం పేరు గ్లాస్ హార్మోనికా. మౌత్ ఆర్గాన్‌నీ హార్మోనికా అంటారు కాబట్టి కంగారు పడొద్దు, దానికీ దీనికీ పేరులో తప్ప పోలికే లేదు. ఇది గాజు గిన్నెల్ని తడి వేళ్లతో తాకి పలికించేది. కనిపెట్టింది ఎవరో సంగీత విద్వాంసుడనుకున్నా. కాదట. స్కూల్లో గాలిపటం, మెరుపుల పాఠంలో చదువుకున్నామే, ఆ బెంజమిన్ ఫ్రాంక్లిన్.

జలతరంగానికి దూరపు చుట్టం

జలతరంగం కచేరీ చూసినవాళ్లకు సగం సంగతి తెలిసినట్టే. పింగాణీ గిన్నెల్లో నీళ్లు పోసి, ఆ నీళ్లను కాస్త తీస్తూ కాస్త పోస్తూ శ్రుతి చేసుకుని, సన్నటి పుల్లలతో వాయిస్తారు. యూరప్‌లో వైన్ గ్లాసులతో ఇలాంటి పనే చేసేవారు. ఐర్లండ్‌కు చెందిన రిచర్డ్ పాక్రిచ్ 1740ల్లో గ్లాసులతో కచేరీలు ఇచ్చి పేరు తెచ్చుకున్నాడు. 1759లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాపం ఆయన, ఆయన గ్లాసులు కలిసే పోయాయి. ఆపెరాలు రాసిన గ్లక్ కూడా 1746లో లండన్‌లో 26 గ్లాసులతో కచేరీ చేశాడు.

ఫ్రాంక్లిన్ అప్పట్లో అమెరికా కాలనీల పనుల మీద లండన్‌లో ఉండేవాడు. రాయల్ సొసైటీ సభ్యుడైన డెలావల్ నీళ్ల గ్లాసులు వాయిస్తుంటే విన్నాడు. శబ్దం తెగ నచ్చింది. డిజైన్ మాత్రం నచ్చలేదు. బల్ల నిండా గ్లాసులు పరిస్తే చేతులు ఎంత దూరమని సాగుతాయి? ఒకేసారి నాలుగైదు స్వరాలు పలికించాలంటే కుదరదు. వాయించే ముందు ప్రతిసారీ నీళ్ల కొలతలు సరిచూసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే ఐడియా సూపర్, యూజర్ ఇంటర్‌ఫేస్ ఘోరం.

1761లో ఆయన చేసిన మార్పు వింటే ‘ఇంతేనా!’ అనిపిస్తుంది. నీళ్లు తీసేశాడు. గిన్నె సైజు, మందంతోనే స్వరం వచ్చేలా 37 గాజు గిన్నెలు ఊదించాడు. అన్నిటికన్నా పెద్దది 9 అంగుళాలు, చిన్నది 3 అంగుళాలు. ప్రతి గిన్నెకూ అడుగున కన్నం. అన్నిటినీ ఒక ఇనుప కడ్డీకి అడ్డంగా గుచ్చాడు. ఒక గిన్నెలో ఇంకోటి ఒదిగి ఉంటుంది, కానీ ఒకదానికొకటి తగలదు. అంచులు మాత్రమే వరసగా బయటికి కనిపిస్తాయి. కింద కుట్టుమిషన్‌కి ఉన్నట్టు పెడల్. తొక్కితే కడ్డీ తిరుగుతుంది, గిన్నెలన్నీ తిరుగుతాయి. తడిచేసిన వేళ్లు అంచుల మీద ఆనిస్తే చాలు. అంటే ఇంతకాలం గ్లాసు ఆగి ఉండేది, వేలు తిరిగేది. ఇప్పుడు వేలు ఆగింది, గ్లాసు తిరుగుతోంది. దాంతో పది వేళ్లకీ ఒకేసారి పని దొరికింది.

నాకు ఇంకా నచ్చిన విషయం వేరే ఉంది. 1762 జులై 13న ఇటలీలోని శాస్త్రవేత్త బెక్కారియాకు ఫ్రాంక్లిన్ ఒక ఉత్తరం రాశాడు. గిన్నెల కొలతలు, సానపట్టే పద్ధతి, శ్రుతి సరిచూడటం.. అన్నీ అందులో ఉన్నాయి. గిన్నె తడిగా ఉంటే స్వరం కాస్త దిగుతుంది కాబట్టి పొడిగా తుడిచి పరీక్షించమన్న చిట్కాతో సహా! ఏ గిన్నె ఏ స్వరమో చూడగానే తెలియాలని అంచుల లోపలివైపు ఇంద్రధనుస్సు రంగులు వేశాడు. ఇటాలియన్ భాష సంగీతంలా ఉంటుందని, ఆ భాషలోంచే తీసి ‘ఆర్మోనికా’ అని పేరు పెట్టాడు. పేటెంట్ తీసుకోలేదు. ప్రాజెక్టు రిపోర్టు ఎలా రాయాలని అడిగే జూనియర్లకు నేను ఈ ఉత్తరం చదవమని చెబుతుంటా. చదివి ఇంకొకరు తయారుచేసేయొచ్చు, అంత స్పష్టంగా ఉంటుంది.

ఆ పెద్దాయనకు చెప్పాల్సిన జవాబు

అంచు మీద తడివేలు జారుతున్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి అది అతుక్కుంటూ, జారుతూ, మళ్లీ అతుక్కుంటూ వెళ్తుంది. సెకనుకు కొన్ని వందలసార్లు. వయొలిన్ తీగ మీద కమాను చేసే పనీ ఇదే. ఆ చిన్న చిన్న కుదుపులకు గ్లాసు అంచు వణుకుతుంది. గుండ్రటి అంచు ఒకసారి ఇటు కోడిగుడ్డు ఆకారంలోకి, మరుక్షణం అటు కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంటుంది. కంటికి కనిపించనంత తక్కువగా. గ్లాసుకు సహజంగా ఏ వేగంతో ఊగడం ఇష్టమో, వేలి కుదుపులు ఆ వేగానికే కుదురుకుంటాయి. అప్పుడు శబ్దం పెరుగుతుంది. రెజొనెన్స్ అంటే ఇదే సార్, అని ఆరోజు చెప్పి ఉండాల్సింది. గ్లాసులో నీళ్లు పోస్తే ఊగాల్సిన బరువు పెరుగుతుంది, స్వరం కిందికి దిగుతుంది. ఆయన ముందున్న గ్లాసులో సగం దాకా నీళ్లున్నాయి కూడా!

ఆ శబ్దం ఎక్కడినుంచి వస్తోందో తెలియనట్టు ఉండటానికీ కారణముంది. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాల దిక్కును మెదడు రెండు చెవులకు చేరే అలల సమయాల తేడాతో కనిపెడుతుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీ అయితే శబ్ద తీవ్రతలో తేడాతో. మధ్యలో సుమారు 1000 నుంచి 4000 హెర్ట్జ్ దాకా రెండు పద్ధతులూ అంత బాగా పనిచేయవు. గ్లాస్ హార్మోనికా పై స్వరాలు, వాటి ఓవర్‌టోన్లు అక్కడే తిరుగుతుంటాయి. పైగా పియానోలా ‘టక్’మని మొదలయ్యే చప్పుడు కూడా ఉండదు.

ఒకే వాయిద్యాన్ని నమ్ముకున్న అమ్మాయి

మరియన్నె కిర్ష్‌గెస్నర్. 1769లో జర్మనీలో పుట్టింది. నాలుగేళ్లప్పుడు మశూచి వచ్చి చూపు పోయింది. గ్లాస్ హార్మోనికా నేర్చుకుంది. ఆమెకు ఫ్రాంక్లిన్ వేసిన రంగులతో పనిలేదు, ఏ అంచు ఎక్కడుందో వేళ్లకే తెలియాలి. 1791లో ఆ వాయిద్యాన్ని వెంటబెట్టుకుని యూరప్ పర్యటనకు బయల్దేరింది. గుర్రబ్బండ్లు, గతుకుల రోడ్లు, సామానులో గాజు గిన్నెలు.. ఊహించుకోండి.

వియన్నాలో మోజార్ట్ ఆమె వాయించగా విని, ఆమె కోసమే ఒక క్వింటెట్ రాశాడు. గ్లాస్ హార్మోనికాతో పాటు ఫ్లూట్, ఓబో, వయోలా, చెల్లో. ఆయన రచనల జాబితాలో దాని నంబరు 617. పూర్తిచేసింది 1791 మే 23న. అదే ఏడాది డిసెంబరు 5న ఆయన కన్నుమూశాడు. మొదటి భాగం దిగులుగా నెమ్మదిగా నడుస్తుంది, తర్వాత ఒక్కసారిగా మబ్బు విడినట్టు తేలికపడుతుంది. ఒంటరిగా వాయించడానికి చిన్న అడాజియో కూడా రాశాడు, దాని నంబరు 356. మొదటిసారి వినేవాళ్లు ఈ చిన్నదానితో మొదలుపెట్టడం మంచిది. ఐదు నిమిషాలు కూడా ఉండదు.

కిర్ష్‌గెస్నర్ బెర్లిన్, లండన్, సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా వెళ్లి వాయించింది. 1808లో ప్రయాణంలో ఉండగానే న్యుమోనియాతో చనిపోయింది. ఆ వాయిద్యమే ఆమె నరాలు దెబ్బతీసిందని జనం చెప్పుకున్నారు.

పుకారు ముందు పరిగెత్తింది

ఈ పుకార్లు అప్పటికే ఉన్నాయి. స్వయంగా ఈ వాయిద్యం వాయించే రోలిగ్ 1787లో దీని ప్రభావం మనసు మీద పడుతుందని హెచ్చరిస్తూ రాశాడు. వింటే దిగులు పుడుతుందని, వాయిస్తే పిచ్చెక్కుతుందని కబుర్లు. జర్మనీలో నిషేధించారన్న కథ ఇప్పటికీ నెట్‌లో తిరుగుతూనే ఉంది, గట్టి ఆధారం మాత్రం కనిపించదు. గాజులో సీసం ఉండటం వల్ల విషం ఎక్కిందన్నది ఇంకో వాదన. ఆ రోజుల్లో సీసం గిన్నెల్లో, మందుల్లో, రంగుల్లో అన్నిట్లోనూ ఉండేది, వేళ్ల చివర్ల తడిని ఒక్కదాన్నే దోషిని చేయలేం. ఇక ఫ్రాంక్లిన్ ఈ వాయిద్యంతో దశాబ్దాలు గడిపి 84 ఏళ్లు బతికాడు.

వియన్నా డాక్టర్ మెస్మర్ దీనికి ఇంకొంత చెడ్డపేరు తెచ్చాడు. ‘జంతు అయస్కాంత శక్తి’తో రోగాలు నయం చేస్తానంటూ, రోగుల్ని ఆ మూడ్‌లోకి తేవడానికి గ్లాస్ హార్మోనికా వాయించేవాడు. 1784లో ఫ్రాన్స్ రాజు ఆ శక్తి నిజమో కాదో తేల్చమని ఒక కమిషన్ వేశాడు. అందులో లావోయిజర్ ఉన్నాడు. అధ్యక్షుడు ఎవరో తెలుసా? మన ఫ్రాంక్లినే! ఆయన ఇంటి తోటలో ఒక చెట్టుకు ‘శక్తి’ ఎక్కించి, ఒక కుర్రాడి కళ్లకు గంతలు కట్టి వేరే చెట్ల దగ్గరికి నడిపించారు. శక్తి లేని చెట్టు దగ్గరే కుర్రాడు స్పృహతప్పి పడిపోయాడు. అంతా ఊహే అని కమిషన్ తేల్చింది. డేటా సైన్స్ చదివేవాళ్లు ఏ/బీ టెస్టింగ్‌కు పాత ఉదాహరణ కావాలంటే ఇది వాడుకోవచ్చు.

నా మటుకు నాకు, ఈ వాయిద్యాన్ని వెనక్కి నెట్టింది దెయ్యాల కబుర్లు కావనిపిస్తుంది. దాని శబ్దం చిన్నది. సంగీతం ధనవంతుల గదుల్లోంచి పెద్ద హాళ్లలోకి వెళ్లింది, ఆర్కెస్ట్రాలు పెరిగాయి, పియానో గొంతు పెంచుకుంది. గిన్నెలు చూస్తే ఇట్టే పగిలేవి. వాయించడం తేలిక చేద్దామని ఫ్రాంక్లిన్ స్నేహితుడు హాప్కిన్సన్ లాంటివాళ్లు కీబోర్డు పెట్టిచూశారు. చర్మం చేసే పనిని కీ సరిగ్గా చేయలేకపోయింది.

ఆర్కెస్ట్రాలో అతిథి

పూర్తిగా మాయం కాలేదు. బీథోవెన్ 1815లో మగవేషంలో నెపోలియన్ సైన్యంతో పోరాడి చనిపోయిన లియొనోరె ప్రొహాస్కా మీద నాటకానికి సంగీతం రాస్తూ ఒకచోట దీన్ని వాడాడు. 1835లో డోనిజెట్టి ‘లూచియా డి లామ్మెర్‌మూర్’ ఆపెరాలో పెళ్లి రాత్రే భర్తను చంపి మతి తప్పిన లూచియా పాటకు తోడుగా మొదట దీన్నే రాసుకుని, తర్వాత కొట్టేసి ఫ్లూట్‌కు ఇచ్చాడు. సాన్-సాన్స్ 1886లో రాసిన ‘కార్నివాల్ ఆఫ్ ది యానిమల్స్’లో అక్వేరియం ఘట్టం చాలామంది వినే ఉంటారు. అందులో మిలమిల మెరిసే శబ్దం దీనికోసమే రాసింది, మనకు ఎక్కువగా వినిపించేది మాత్రం సెలెస్టా లేదా గ్లాకెన్‌స్పీల్. రిచర్డ్ స్ట్రాస్ 1919లో ఒక ఆపెరాలో పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం అడపాదడపానే వినిపించింది.

తిరిగొచ్చిన తీరు మనవాళ్లకు ఆసక్తికరం. బోస్టన్ దగ్గర వాల్థమ్‌లో ల్యాబొరేటరీలకు గాజు సామగ్రి ఊదే గెర్హార్డ్ ఫింకెన్‌బైనర్ అనే జర్మన్ నిపుణుడు 1980ల్లో స్వచ్ఛమైన క్వార్ట్జ్ గాజుతో దీన్ని మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టాడు. సీసం ఉండదు, నల్ల కీల స్వరాలకు అంచుల్లో బంగారు పూత. 1999లో ఆయన సొంత విమానంలో బయల్దేరి కనిపించకుండాపోయాడు. కంపెనీ మాత్రం నడిచింది. ఇప్పుడు ఆపెరా హౌస్‌లు ‘లూచియా’లో డోనిజెట్టి మొదటి ఆలోచనకే తిరిగి వెళ్తున్నాయి. జార్జ్ బెంజమిన్ 2012లో ‘రిటెన్ ఆన్ స్కిన్’ ఆపెరాలో దీన్ని వాడాడు. ఫ్రాన్స్‌కు చెందిన థామస్ బ్లాక్ లాంటి కొద్దిమందికి ఇదే వృత్తి.

ఈసీఈ, మెకానికల్ వాళ్లకు ఇంకో ముక్క. 1890లో జి.హెచ్.బ్రయాన్ ఒక వైన్ గ్లాసును మోగిస్తూ తిప్పిచూశాడు. అంచు మీది వణుకు గ్లాసుతో సమానంగా తిరగకుండా కాస్త వెనకబడింది. ఎంత వెనకబడిందో కొలిస్తే గ్లాసు ఎంత తిరిగిందో తెలిసిపోతుంది! ఆ సూత్రంతో క్వార్ట్జ్ గిన్నెతో చేసిన గైరోస్కోప్‌లు శనిగ్రహం దగ్గరికి వెళ్లిన కసీనిలో పనిచేశాయి, జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌లో ఇప్పుడు పనిచేస్తున్నాయి. వాటిని ఇంజినీర్లు ముద్దుగా ‘వైన్ గ్లాస్ గైరో’ అంటారు.

మీరూ చేసి చూడండి. టీ గ్లాసు మందం ఎక్కువ, పలకదు. పలుచని కాడ గ్లాసు కావాలి. చేతులు సబ్బుతో బాగా కడగండి, కాస్త నూనె ఉన్నా వేలు ఊరికే జారిపోతుంది. ఒక చేత్తో గ్లాసు కాడను బల్లకు అదిమిపట్టి, వేలు తడిచేసి అంచు మీద నెమ్మదిగా తిప్పండి. నాకు మొదటిరోజు ఇరవై నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత హఠాత్తుగా వంటిల్లంతా ‘ఊఁ..’ అని నిండిపోయింది. పక్క గదిలోంచి అమ్మ, ‘ఒరేయ్, ఫోన్ మోగుతోంది చూడు’ అంది.