ప్రైమరీల్లో పెద్దల మాటే చెల్లుబాటు

మన దగ్గర టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. బి-ఫారం చేతికొచ్చేదాకా ఆశావహులకు కంటి మీద కునుకుండదు. అమెరికాలో ఆ టికెట్‌ను ఓటర్లే ఇస్తారు, ప్రైమరీ ఎన్నికల్లో. నవంబరులో జరిగే అసలు ఎన్నికల పోలింగుతో పోలిస్తే వీటికొచ్చే జనం బాగా తక్కువ. వచ్చినవాళ్లలో పెద్దవయసువాళ్ల పాలు ఎక్కువ.

2016 ఫిబ్రవరిలో అయోవా రాష్ట్రంలో ఏం జరిగిందో చూడండి. అక్కడ ప్రైమరీ బదులు కాకస్ అనే సమావేశ పద్ధతి. చలికాలం రాత్రి 7 గంటలకు ఏ బడిలోనో చర్చిలోనో చేరాలి. అప్పట్లో డెమొక్రటిక్ పార్టీవాళ్లయితే చీటీ వేసేవారు కాదు, తమ అభ్యర్థి తరఫున ఒకవైపు గుంపుగా నిలబడేవారు. ఆ పార్టీ టికెట్‌కు ప్రధాన పోటీ బెర్నీ శాండర్స్, హిల్లరీ క్లింటన్‌ల మధ్య. లోపలికి వెళ్తున్నవాళ్లను అడిగి చేసిన సర్వేలో 30 ఏళ్లలోపువారిలో 84 శాతం శాండర్స్ వైపు, 65 దాటినవారిలో 69 శాతం హిల్లరీ వైపు ఉన్నారు. హాజరైనవారిలో కుర్రకారు 18 శాతం, 65 దాటినవారు 28 శాతం. హిల్లరీ వెంట్రుకవాసి తేడాతో గట్టెక్కారు. యువత మెచ్చిన శాండర్స్‌కు అప్పటికి 74 ఏళ్లు!

అలాగని కుర్రకారుకు తలుపేమీ మూసిలేదు. నవంబరు ఎన్నిక నాటికి 18 నిండేట్టయితే చాలు, పలు రాష్ట్రాల్లో 17 ఏళ్లకే ప్రైమరీలో ఓటేయవచ్చు.

కరోనాకు ముందు పోలింగ్ కేంద్రాల్లో పనిచేసేవాళ్లలో కూడా సగానికి పైగా 60 దాటినవారే. ఆ సంగతి కరోనా కాలంలో అందరికీ తెలిసొచ్చింది. 2020 ఏప్రిల్ 7న విస్కాన్సిన్ ప్రైమరీ. సిబ్బంది రాలేమనడంతో, మామూలుగా 180 దాకా కేంద్రాలుండే మిల్వాకీ నగరంలో ఆ రోజు తెరిచినవి అయిదే. జనం మాస్కులు కట్టుకుని గంటలకొద్దీ బారులు తీరారు.

కొన్ని రాష్ట్రాల్లో పెద్దలు పోలింగ్ కేంద్రానికి వెళ్లక్కర్లేదు. టెనెసీలో 60 ఏళ్లు, టెక్సస్‌లో 65 నిండితే కారణం చెప్పక్కర్లేకుండా పోస్టులో ఓటు పంపవచ్చు. మంచి ఏర్పాటే. అయితే టెక్సస్‌లో 2021లో కొత్త చట్టం వచ్చింది. డ్రైవింగ్ లైసెన్సు నంబరో, ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగంకెలో కవరు మీద రాయాలి. రాయాల్సిన చోటేమో కవరు మడత కింద ఉంది. పైగా ఆ నంబరు ఓటరు రికార్డులో ఉన్నదానితో సరిపోవాలి. ఎప్పుడో దశాబ్దాల కిందట నమోదైనప్పుడు ఏ నంబరిచ్చారో ఎవరికి గుర్తుంటుంది? 2022 మార్చి ప్రైమరీలో 24 వేలకు పైగా పోస్టల్ ఓట్లు చెల్లకుండా పోయాయి. వచ్చినవాటిలో దాదాపు 12 శాతం! వీటిలో ఎక్కువ ఏళ్ల తరబడి ఓటేస్తూ వచ్చిన పెద్ద తరానివే. ఇది ఘోరమైన అన్యాయం. తర్వాత అధికారులు కవరు ఎలా నింపాలో వివరంగా ప్రచారం చేశారు, చాలా కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) కవరుతోపాటు సూచనల కాగితం పంపాయి. నవంబరుకల్లా తిరస్కరణ 3 శాతం లోపుకు దిగింది. ఆ కాగితమేదో మార్చి ఎన్నికకు ముందే ప్రతి ఇంటికీ చేరాల్సింది.