ప్రవాసపత్రములు – స్వగ్రామనిర్ణయము

నేటాలునందును, ఫిజీ మారిషసు ద్వీపములందును స్థిరపడిన ఆంధ్రసంతతివారిలో పలువురకు ఇంటిపేరు తెలియదు. తాతలు ఏ యూరివారో తెలియదు. ఐనను ఆ తాతలు ఒడంబడిక కూలీలై ఓడ నెక్కినప్పుడు వ్రాయబడిన పత్రములు నేటికిని నిలిచియున్నవి. వానినుండి గ్రామమును నిర్ణయించు విధ మిట వివరింపబడుచున్నది.

చెన్నపట్టణమునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16వ తేదీని డర్బను రేవు చేరెను. నాటినుండి 1911 వరకు నేటాలునకు పోయినవారు ఇంచుమించుగా 1,52,000 మంది; అందు సుమారు మూడింట రెండువంతులు చెన్నపట్టణమున ఓడ నెక్కినవారే. ఫిజీకి చెన్నపట్టణమునుండి కూలీలను పంపుట 1903లో మొదలై 1916లో ముగిసెను. ఒక్కొక్కరికి ఒక సంఖ్య నిచ్చి పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై గల మచ్చలు వ్రాసికొనిరి. మారిషసు పత్రములు అచ్చటి మహాత్మాగాంధీ సంస్థయందు భద్రపరుపబడినవి.

ఈ పత్రములందు మొదట చూడవలసినది జిల్లా కాదు, సంవత్సరము. ఏలయన, ఊరు కదలకున్నను జిల్లాపేరు మారుచుండును. 1859లో మండలములను పునర్విభజించినప్పుడు ఏలూరు గోదావరిలో చేరెను. 1904లో కృష్ణకు మార్పబడెను. 1925లో నూతనమైన పశ్చిమగోదావరికి ముఖ్యపట్టణ మయ్యెను. 2022లో తనపేరిటి జిల్లాకే ముఖ్యపట్టణ మయ్యెను. తాడేపల్లిగూడెము 1925 వరకు ఈ మార్పులనే పొంది, 2022 పిదపను పశ్చిమగోదావరియందే నిలిచెను. కావున 1890లో ఓడ నెక్కిన ఏలూరివాని పత్రమున గోదావరి యనియు, 1908లో పోయిన వాని తమ్ముని పత్రమున కృష్ణ యనియు నుండవచ్చును. కొల్లేటి విషయము మరింత సూక్ష్మము: 1859 మొదలు 1904 వరకు ఏలూరివైపు ఒడ్డు గోదావరిలోను, కైకలూరివైపు ఒడ్డు కృష్ణలోను ఉండెను.

ఇక అక్షరముల సంగతి. గుమాస్తాలు తాము విన్నదానిని ఆంగ్లలిపిలో వ్రాసిరి. ఆ లిపిలో త-ట లకును, ద-డ లకును, ల-ళ లకును భేదము లేదు, హ్రస్వదీర్ఘములును నిలువవు. ఏలూరును ఎల్లోరు అనియు, నెల్లూరును నెల్లోరు అనియు వ్రాయుట ఆనాటి వాడుక. మొదటి యక్షర మొక్కటి చెరిగినచో నెల్లూరివాడు ఏలూరివాడగును. తాలూకాపేరు చూచినగాని సందేహము తీరదు. గూడెమని మాత్రమే యున్నచో అది తాడేపల్లిగూడెమో, జంగారెడ్డిగూడెమో తేల్చుటకును ఇదియే మార్గము.

పత్రమున ఇంటిపేరునకు గడి లేదు. విదేశమున తండ్రిపేరే తరచుగా వంశనామ మయ్యెను. ఐనను ఆ పేళ్ళలో మన వ్యాకరణము దాగియున్నది. మారిషసునందలి అప్పడూ, దక్షిణాఫ్రికాయందలి నాయిడూ అను వంశనామముల తుదియక్షరము మన ప్రథమావిభక్తి డుప్రత్యయమే. కాని తమిళదేశమందును తెలుగువారు కలరు గనుక ఆ ప్రత్యయము భాషను సూచించును గాని జిల్లాను తెలుపదు.

బర్మాకు పోయినవారి విషయమున ఈ సాధనము లేదు. 1937 వరకు బర్మా హిందూదేశమున భాగమే యగుటచే అట్టి పత్రములు పుట్టలేదు. అచ్చట తెలుగువారిని కొరంగీ లనుట రేవునుబట్టియే గాని ఊరినిబట్టి కాదు. కొల్లేటి లంకలవాడును అచ్చట కొరంగీయే.

కావున క్రమ మిది: ముందు సంఖ్య, పిదప ఓడ, సంవత్సరము, ఆపై ఆ యేటి జిల్లా, తాలూకా, తుదకు గ్రామము. రూపు చెడిన గ్రామనామమును సరిగా చదువుటకు ఆ ప్రాంతపు పాఠశాలా పండితులే సమర్థులు. ఆ పేరు తప్పుగా చదువబడినచో, సముద్రము దాటివచ్చిన కుటుంబ మొకటి తమది కాని యూరి పొలిమేరలో నిలిచి తమ తాతల జాడ యడుగును.