మాస్టారూ, మీ మాస్టారు ఎవరండీ?

మన దోహాలో శుక్రవారం అంటే పిల్లల క్లాసులే కదా. డ్రాయింగ్ అయ్యాక డాన్సు, అదయ్యాక కరాటేనో తైక్వాండోనో. మా వాడిని రెండేళ్ల కింద ఒక తైక్వాండో క్లాసులో వేశాను. గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేస్తే చూసి వెళ్లాం, అంతే. గోడ నిండా సర్టిఫికెట్లు, మాస్టారి నడుముకి నల్ల బెల్టు. ఇంకేం అడుగుతాం?

ఒక్కసారి మన సంగతి గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ నర్సు లైసెన్సుకి ప్రోమెట్రిక్ పాసైతే సరిపోలేదు. డేటాఫ్లో వాళ్లు మన చేతిలో కాగితాన్ని నమ్మలేదు, చదివిన కాలేజీనీ పనిచేసిన ఆసుపత్రినీ అడిగి మరీ కనుక్కున్నారు. అలాంటి మనం, పిల్లాడిని పట్టుకుని కింద పడేసే మనిషిని మాత్రం ఒక్క మాట అడగం!

వాడికి పదేళ్లప్పుడు మెసేజ్ వచ్చింది, 'ఫస్ట్ డాన్ బ్లాక్ బెల్ట్ టెస్టు, ఫీజు కట్టండి' అని. ఫీజు చూసి గుండె ఆగినంత పనై, అప్పుడు చదవడం మొదలుపెట్టాను. ఒలింపిక్స్‌లో ఆడే తైక్వాండోకి డాన్ సర్టిఫికెట్లు ఇచ్చేది సియోల్‌లోని కుక్కివాన్, 1972లో మొదలైంది. 15 ఏళ్లు నిండని పిల్లలకి వాళ్లిచ్చేది డాన్ కాదు, పూమ్. సర్టిఫికెట్ అసలుదో కాదో వాళ్ల వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు. ఖతార్‌లో తైక్వాండో, జూడో, కరాటేలకి కలిపి ఒక ఫెడరేషన్ కూడా ఉంది. క్లాసుకి దానితో సంబంధం ఉందా అని అడగడంలో తప్పేం లేదు.

కరాటేలో ఇంత సులువు కాదు, శైలులు బోలెడు. అందుకే 'మీది ఏ శైలి, మీకు బెల్టు కట్టిందెవరు' అనే అడగాలి. కొందరు ఏకంగా బోధిధర్ముడి దగ్గర మొదలుపెడతారు. సూర్య 'సెవెన్త్ సెన్స్' చూశాక కంచి రాకుమారుడంటే మనకీ ముద్దే. కానీ ఆయన షావోలిన్‌లో యుద్ధవిద్య నేర్పాడనడానికి చూపించే యీజిన్ జింగ్ అనే పుస్తకం 17వ శతాబ్దానిది, ఆయన తర్వాత వెయ్యేళ్లకి పైగా గడిచాక వచ్చింది. చైనా చరిత్రకారుడు తాంగ్ హావో 1930ల్లోనే దాని గుట్టు విప్పాడు. నల్ల బెల్టూ అంత పాతదేం కాదు. 1880ల్లో జూడో కోసం జిగోరో కానో మొదలుపెట్టాడు, ఫునకోషి 1924లో కరాటేకి తెచ్చుకున్నాడు.

కాగితం ఉన్నవాళ్లంతా మంచి గురువులని కాదండోయ్. మా అమ్మమ్మ ఊళ్లో కర్రసాము నేర్పిన తాతకి ఏ కాగితమూ లేదు. కానీ తన గురువు పేరు, ఊరు మనం అడక్కుండానే చెప్పేవాడు.

మా మాస్టారిని అడిగితే నవ్వి, "ఎందుకు మేడమ్, మీరు నేర్చుకుంటారా?" అన్నారు. సర్టిఫికెట్ నంబరు మాత్రం చెప్పలేదు. మానిపించేశాను.

కొత్త క్లాసులో మాస్టారు అడగ్గానే ఫోన్ తీసి తన నంబరు చూపించారు, నేర్పినాయన పేరూ చెప్పారు. మా వాడి చేత నాలుగు కిక్కులు వేయించి చూసి, పసుపు బెల్టు నుంచి మొదలుపెడదాం అన్నారు. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.