స్పోర్ట్స్ స్కూల్ పరీక్షలు: స్టాప్‌వాచ్ చెప్పేదేంటి, చెప్పనిదేంటి

కనిగిరి నుంచి మాట్లాడుతున్నాను. కడప పుట్లంపల్లి స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతికి పెట్టే పరీక్షల గురించి తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు. "మావాడు క్రికెట్ బాగా ఆడతాడు సార్, సీటొస్తుందా?" అని. ఆ వయసులో అక్కడ చూసేది ఆట కాదండీ, ఒళ్లు ఎలా పనిచేస్తుందో చూస్తారు.

ఇలాంటి బడుల్లో ఎత్తు, బరువు కొలిచాక 30 మీటర్ల పరుగు, నిలబడినచోటి నుంచి ముందుకు దూకడం, పైకి ఎగరడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు వంటివి పెడతారు.

30 మీటర్లది 'ఫ్లయింగ్ స్టార్ట్'. గీతకి బాగా వెనక నుంచి పరుగెత్తుకుంటూ రావాలి. గీత దాటిన క్షణం నుంచే టైము. మన పిలకాయలు చాలామంది గీత దగ్గరికొచ్చి వేగం తగ్గిస్తారు. ఇంకేముంది, అక్కడే పోతుంది!

షటిల్ రన్‌లో 10 మీటర్ల దూరాన్ని 6 సార్లు తిరగాలి. వేగం ఒక్కటే ఉన్నవాడు గీత దాటి నాలుగడుగులు ముందుకెళ్లిపోతాడు. ఆగడం, తిరగడం, మళ్లీ అందుకోవడం, ఇదీ అసలు సంగతి. నేను చూసినంతలో కబడ్డీ ఆడే పిల్లలు దీన్లో గట్టివాళ్లు.

ఇక అసలు చిక్కు. ఒకే తరగతిలో ఇద్దరికి దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. ఎనిమిదీ తొమ్మిదేళ్ల వయసులో ఆ ఏడాది చాలా పెద్దది. మెడిసిన్ బాల్ విసిరితే పొడుగువాడిదే పైచేయి. ఆస్ట్రియాలో మంచుమీద స్కీయింగ్ పోటీలకు పిల్లల్ని తయారుచేసే బడులున్నాయి. అక్కడా పరీక్షలు పెట్టే తీసుకుంటారు. ఎంపికైనవాళ్లను పరిశీలిస్తే, ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువని తేలింది. ప్రతిభ నెలల్ని చూసుకుని పుట్టదు కదా! మన దగ్గర ఇంకో తమాషా, బడిలో వేసేటప్పుడు చాలామందికి జూన్ నెల తేదీలే రాయించేశారు.

అందుకే సీటు రాలేదని "వీడికి ఆటలు రావు" అని పిల్లాడి ముందు అనకండి. మూడు నెలలకోసారి అదే మైదానంలో, అదే బూట్లతో, లేదా ఒట్టికాళ్లతోనే, దూకిన దూరం కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. పక్కన ఎత్తు కూడా రాయండి. ఎత్తు పెద్దగా పెరక్కుండా దూకుడు పెరిగిందంటే, అది సాధనతో వచ్చిందనుకోవచ్చు.

800 మీటర్లు ఎలా పరుగెత్తించాలో వచ్చే ఎపిసోడ్‌లో చెబుతాను.