మగ్గం గుంటలో కాళ్లు, గోళ్లలో ఫంగస్

మంగళగిరి నేతగాళ్లం పగలంతా కాళ్లు మగ్గం గుంటలో పెట్టుకునే బతుకుతాం. నూలు తెగకుండా గుంటలో తేమ ఉండాలి, కాళ్లతో కర్రలు తొక్కుతూనే ఉండాలి. ఆ తేమ, గోటికి పదేపదే తగిలే ఒత్తిడి ఫంగస్‌కు అనువుగా ఉంటాయి. వయసు, షుగరు తోడైతే ముప్పు ఎక్కువ.

గోరుచుట్టు వేరు, గోటి ఫంగస్ వేరు. గోరుచుట్టు ఎర్రగా వాచి సలుపుతుంది. ఫంగస్ పట్టిన గోరు మొదట్లో నొప్పి పెట్టదు. పసుపుపచ్చగా మారి, మందమెక్కి, అంచు పొడిపొడిగా రాలుతుంది. నొప్పి లేదు కదా అని మావాళ్లు పట్టించుకోరు.

రంగు మారిన గోళ్లన్నీ ఫంగస్‌వి కావు. సోరియాసిస్, దెబ్బలు కూడా గోటిని అలాగే చేస్తాయి. అందుకే ముందు గోటి పొడి తీసి మైక్రోస్కోపు కింద పరీక్షించాలి. ఫంగస్ అని తేలితే డాక్టర్లు ఎక్కువగా ఇచ్చేది టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకొకటి, 12 వారాలు. లివర్ పరీక్ష చేయించి మొదలుపెడతారు. కాలి బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. గోరింకా బాగుపడలేదని మాత్రలు మధ్యలో మానకూడదు.

కాళ్లు కడిగాక వేళ్ల సందులు పొడిగా తుడుచుకోండి. గోళ్లు తీసే కత్తెర ఎవరిది వాళ్లకే ఉంచండి. వేళ్ల సందులు పాసి దురద పెడితే అప్పుడే మందు రాయండి; అక్కణ్ణుంచే గోటికి పాకుతుంది.

మన మంగళగిరి ఎయిమ్స్ ఆసుపత్రిలోనే చర్మవ్యాధుల విభాగం ఉంది. షుగరున్న నేతన్నలూ, మీరు మాత్రం ఆలస్యం చేయకండి.