నల్లా నీళ్ళూ, మోరీ నీళ్ళూ

నల్లా తిప్పగానే నీళ్ళు రావాలి, వాడిన నీళ్ళు కంటికి కనబడకుండా పోవాలి. మనకు కావలసింది ఇంతే. కాని వచ్చే నీళ్ళు ఎక్కడివి, పోయే నీళ్ళు ఎక్కడికి అన్నది ఇల్లాలికి తెలిసి ఉంటే ఇంటిల్లిపాదికీ మేలు. ఓరుగల్లునే ఉదాహరణగా తీసుకుని చెప్పుకుందాం.

వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిన ఊరు ఇది. చెరువులకు పెట్టింది పేరైన కాకతీయుల రాజధాని. ఇప్పుడు జనం పెరిగారు, చెరువులో పడ్డ వాన నీరొక్కటే చాలదు. అందుకని శ్రీరాంసాగర్ నుంచి గోదావరి నీళ్ళు కాకతీయ కాలువలో బయలుదేరి, కరీంనగర్ దగ్గర దిగువ మానేరు జలాశయం మీదుగా వస్తాయి. వాటిని ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల్లో నిలవ చేస్తారు. అక్కడినుంచి ఫిల్టరు బెడ్లకు తెచ్చి, పటికతో మడ్డి దింపి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి పెద్ద ట్యాంకులకు ఎక్కిస్తారు.

ఇంతదాకా బాగానే ఉంది. చిక్కంతా ట్యాంకుకీ మన ఇంటికీ మధ్యనే! నీళ్ళు వదిలినంతసేపూ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, చిల్లున్నా నీరు బయటికే కారుతుంది. నీళ్ళు కట్టేశాక ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు ఆ చిల్లులోంచే పక్కనున్న మోరీ నీరు లోపలికి దిగవచ్చు. 2018 మార్చిలో గుంటూరులో తాగునీళ్ళు కలుషితమై అతిసారం ప్రబలింది. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు, కొందరి ప్రాణాలే పోయాయి.

ఇందులో మన పాలూ కొంత ఉందండీ. నీళ్ళు సన్నగా వస్తున్నాయని నల్లాకే మోటారు బిగిస్తాం. ఆ మోటారు నీళ్ళతోపాటు చిల్లు దగ్గరి మురుగునూ పీల్చగలదు. పక్కింటివాళ్ళకు నీళ్ళు అందనివ్వదు కూడాను. సంపులో నీళ్ళు పట్టుకుని, అక్కడినుంచి మోటారుతో పైకి ఎక్కించుకోవడం మంచి పద్ధతి. నల్లా నీళ్ళు రంగు మారినా, వాసన వచ్చినా వెంటనే కార్పొరేషన్‌కు చెప్పాలి. అంతవరకు తెర్లేలా కాచి, చల్లార్చి, మూత పెట్టిన నీళ్ళే తాగాలి. తేటగా ఉన్నాయి కదా అని నమ్మకండి. రోగాన్ని తెచ్చే క్రిములు కంటికి కనబడవు.

ఇక పోయే నీళ్ళ సంగతి. ఇలాంటి ఊళ్ళలో చాలా ఇళ్ళకు భూగర్భ డ్రైనేజీ లేదు, సెప్టిక్ ట్యాంకే దిక్కు. అందులో మడ్డి అడుగుకు దిగుతుంది. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు దానిని కొంత కుళ్ళబెట్టి తగ్గిస్తాయి. పైనున్న నీరు ఇంకుడు గుంతలోకి పోతుంది. యాసిడ్, ఫినాయిలు అదే పనిగా పోస్తే ఆ సూక్ష్మజీవులు చస్తాయి. రెండు మూడేళ్ళకోసారి మడ్డి తీయించకపోతే ట్యాంకు నిండి, మురుగు మోరీలోకో, దగ్గరున్న బావిలోకో చేరుతుంది.

తీసిన మడ్డి ఏమవుతుంది? వెనక దానిని ఊరి బయట, చెరువుల పక్కన పారబోసేవారు. ఒక ఇంటి మురుగు ఇంకో ఇంటి మంచినీళ్ళలో కలిసినట్టే కదా! వరంగల్‌లో 2016లో దీనికి నిబంధనలు పెట్టారు. 2017లో అమ్మవారిపేట దగ్గర మడ్డిని శుద్ధిచేసే కేంద్రం మొదలైంది. అక్కడ మడ్డిలోని నీటిని వేరుచేసి శుద్ధి చేస్తారు. మిగిలినదాన్ని ఎండబెట్టి, గాలి తగలకుండా మాడ్చి బొగ్గుపొడి చేస్తారు.

కాబట్టి మడ్డి తీయించేటప్పుడు బండివాడిని "ఎక్కడ పోస్తావు నాయనా?" అని అడగండి. ఇంకొక్క మాట. డబ్బు కలిసివస్తుందని ట్యాంకులోకి మనిషిని ఎప్పుడూ దించకండి. అందులోని విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. 2013 నాటి చట్టం ప్రకారం అది నేరం కూడా.

మన గడప దాటిన మురుగు మన బాధ్యత దాటిపోదు. అది మళ్ళీ ఎవరి బిందెలోకి చేరుతుందో చెప్పలేం. ఇరుగుపొరుగు అమ్మలక్కలతో ఈ నాలుగు ముక్కలూ చెబుతారు కదూ? సెలవు.